పూలబీడాయన ఇచ్చిన గడ్డి

ఆయన్ని ఊళ్లో అందరూ పూలబీడాయన అనేవారు. పదహారు ఆవులు, వాటి మేతకొక గడ్డిబీడు, రోడ్డు వార చిన్న పొలం చెక్క, అంతే ఆస్తి. ఆ బీడులో నాగలి దించలేదు, ఎరువు చల్లలేదు. గింజ ముదిరి రాలేదాకా కొడవలి తాకనిచ్చేవాడు కాదు. అందుకే నలభై రకాల పూలగడ్డి మొలిచేది. ఆ మేత తిన్న ఆవుల వెన్నని జనం ఆయన పేరు అడిగి మరీ కొనేవారు. బీడు బతికితేనే తాను బతుకుతానని ఆయనకి తెలుసు. మరీ ఎక్కువ తెలుసు, చిక్కంతా అక్కడే వచ్చింది.

రెండేళ్ల కిందట పక్కింటి కొత్త కోడలు ఆయన దగ్గరికి వచ్చింది. వాళ్లకి అయిదు ఆవులు, ఖాళీగా పడున్న పొలమొకటి.

"బాబాయ్, మా పొలాన్నీ మీ బీడులా చేద్దామనుకుంటున్నా. గింజ గడ్డి ఇస్తారా?"

గింజ ముదిరిన గడ్డి కోసి, ఆ రోజే తెచ్చి, పైపైన గీకిన నేల మీద పరిస్తే గింజ రాలి మొలుస్తుంది. పెద్ద విద్యేం కాదు.

"దానికేం భాగ్యం తల్లీ" అన్నాడు. రెండు ట్రాలీలు పంపాడు కూడా. కాకపోతే బీడులోంచి కాదు. రోడ్డు వార ఎరువు వేసి పెంచే చెక్కలోంచి, వెన్ను కూడా తీయని ఒకే రకం గడ్డి. కోసి కుప్పేశాక ఏ గడ్డైనా గడ్డే, కొత్తగా దిగిన పిల్లకేం తెలుస్తుంది? మహానుభావుడు!

మొదటి ఏడు ఏమీ మొలవలేదు. రెండో ఏడు ముళ్లకంప మొలిచింది. ఆ పిల్ల ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. "అంత మంచి గడ్డి ఇచ్చారు, నేనే నిలబెట్టుకోలేకపోయా బాబాయ్" అని తానే తల దించుకునేది. ఆయనకి తల కొట్టేసినట్టయ్యేది. ఆమె ఎదురొస్తుంటే సందు మారిపోయేవాడు.

ఒక పొద్దున ఆ పొలం గట్టున ట్రాక్టరు ఆగి ఉంది. ఆయన ఉండబట్టలేక వెళ్లాడు.

"దున్నించేస్తున్నాం బాబాయ్. ఆవుల్నీ అమ్మేస్తాం. నా చేత్తో ఏదీ మొలవదంటున్నారు మావయ్య. నిజమేనేమో."

ఆయనకి సిగ్గుతో ఒళ్లంతా మండిపోయింది. "దున్నించకమ్మా. నీ నేలా మంచిదే, నీ చెయ్యీ మంచిదే. నేనిచ్చిన గడ్డిలో గింజే లేదు. అది రోడ్డు వార గడ్డి."

ఆమె ట్రాక్టరు వైపు తిరిగింది. డ్రైవరుకి దున్నొద్దని చెయ్యి ఊపింది.

"నాకు చెప్తే ఏం లాభం? రండి, మావయ్యకి చెప్పండి."

మావయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకి చెవుడు. పూలబీడాయన గొణిగినట్టు చెప్పాడు.

"ఆఁ?"

కాస్త పెంచి చెప్పాడు.

"గొంతులో ఏమన్నా అడ్డం పడిందా? గట్టిగా చెప్పవయ్యా."

మూడోసారి అరిచాడు. కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు వదిలేసి తిరిగి చూశారు. పెద్దాయనకి అర్థమైంది. కోడలి వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు.

"మరి ఎందుకిచ్చావ్ అలాంటి గడ్డి?"

కూలివాడు పొరపాటు పడ్డాడనే అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కోడలు ఆయన మొహంలోకే చూస్తోంది.

"నా వెన్నకున్న పేరు ఇంకొకళ్లకి రాకూడదని" అన్నాడు, తనకే వినపడనంత మెల్లగా.

పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకి వంగాడు. పూలబీడాయన గుండెల నిండా గాలి పీల్చుకుని, వీధి వీధంతా వినేలా ఆ మాటే మళ్లీ అరిచాడు.