ఆ బిట్టు విరిగింది అమ్మ వల్ల కాదు

నా చిన్నతనంలో చందానగర్‌లోని మా వంటింట్లో రొట్టెలకు ఒక పెనం, ఉక్కును కాచడానికి ఒక పెనం ఉండేవి...

ఇంటి ముందు రేకుల షెడ్డులో నాన్న లేత్ మిషన్, ఇనుమును గిరగిరా తిప్పుతూ చెక్కేది. ఇనుమును కోసే బిట్లు కొనేవాడు కాదు, తనే చేసుకునేవాడు. టూల్ స్టీలు ముక్కను ఆకురాయితో అరగదీసి, మొన తీర్చి, కొలిమిలో ఎర్రగా కాల్చి నూనెలో ముంచేవాడు. చుర్రుమని పొగ లేచేది...

అప్పటికి అది గట్టిపడేది కానీ, గాజులా పెళుసుగా ఉండేది. ఆ పెళుసు పోవాలంటే మళ్ళీ సన్నటి వేడి మీద పెట్టాలి. ఆ పని మా అమ్మ యాదమ్మది. కిరసనాయిలు స్టవ్ మీద పాత పెనం పెట్టి, ఇసుక పోసి, గరుకు కాగితంతో మెరిసేలా రుద్దిన బిట్టును దాని మీద ఉంచేది. నేను పక్కన పీట మీద కూర్చుని చూసేదాన్ని... తెల్లటి ఉక్కు మెల్లగా లేత పసుపయ్యేది. ఎండుగడ్డి రంగు రాగానే అమ్మ పట్టకారుతో తీసి నీళ్ళలో వేసేది. ఒక్క క్షణం ఆలస్యమైనా ఊదారంగుకు తిరిగి మెత్తబడిపోతుంది. అమ్మ చేతిలో ఎన్నడూ అట్లా కాలేదు.

మాకు అవతల కొత్త ఆఫీసు భవనాలు లేస్తున్న రోజులవి. ఒక మధ్యాహ్నం ఒక కాంట్రాక్టరు కాంక్రీటు మిక్సర్ ఇరుసు, అదే షాఫ్టు, చెక్కించుకోవడానికి తెచ్చి మిషన్ పక్కనే నిలబడ్డాడు. నాన్న అప్పుడే కొత్త బిట్టు నూనెలోంచి తీశాడు. అమ్మ స్టవ్ వెలిగించింది.

"ఆమె వంట అయ్యేదాక నేను నిలబడాల్నా? పనోళ్ళు ఖాళీగ కూసున్నరు" అన్నాడు కాంట్రాక్టరు.

నాన్న బిట్టును అట్లాగే మిషన్‌కు బిగించబోయాడు. అమ్మ గడప దాకా వచ్చింది.

"జర ఆగుండ్రి... పెళుసు ఇంక పోలే."

నాన్న ఆమె వైపు చూడనైనా లేదు. మిషన్ తిప్పాడు. షాఫ్టుకు ఆనగానే బిట్టు ఠప్పున విరిగింది. ముక్క ఒకటి నాన్న ఎడమ కంట్లోకి దూసుకుపోయింది...

దవాఖానలో కన్ను దక్కలేదు. మరునాడు కాంట్రాక్టరు మనిషిని పంపాడు. నాన్నను చూడటానికి కాదు, షాఫ్టు తీసుకుపోవడానికి.

మంచం పక్కన నిలబడి పెదనాన్న అందరూ వినేటట్టు అన్నాడు: "ఆడదాని చేతుల ఉక్కు పెడితే గిట్లనే అయితది."

అమ్మ అక్కడే ఉంది. నాన్న కళ్ళకు కట్టు ఉంది, చెవులకు లేదు. అయినా ఒక్క మాట అనలేదు...

ఇక ఆ మాటే నిజమైపోయింది. పెళ్ళిళ్ళలో, చావుల్లో, ఎక్కడ కలిసినా అదే ముచ్చట. నాన్న కోలుకుని మళ్ళీ బిట్టు తెచ్చి వంటింట్లో పెడితే, అమ్మ "మీ అన్ననే పెట్టుమను" అని బయటికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి నాన్న బజారు బిట్లే కొన్నాడు. నిజం మాత్రం చెప్పలేదు.

మొన్న కోకాపేటలో మా ఫ్లాట్ గృహప్రవేశం. పెదనాన్న కొడుకు శ్రీనన్న నా ఆఫీసు స్నేహితులకు మళ్ళీ మొదలుపెట్టాడు. "మా చిన్నమ్మ పెనం మీద ఉక్కు వేయించింది, చిన్నాయిన కన్ను పోయింది." అందరూ నవ్వారు. అమ్మ తల వంచుకుని పప్పు వడ్డిస్తోంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అన్నా, ఆ రోజు నువ్వు లేవు. నేను ఉన్న. అది పెనం ఎక్కనే లేదు. నాన్నా, చెప్పు."

"పాత ముచ్చట ఇప్పుడెందుకు బిడ్డా..."

"అమ్మ ఇయ్యాల గూడ వింటున్నది. పాతది ఎట్లయితది?"

నాన్న విస్తట్లోంచి చెయ్యి తీశాడు. "యాదమ్మ ఆగమన్నది. నేనే ఆగలే. ఆమె తప్పేం లేదు."

అమ్మ పప్పు గిన్నె కింద పెట్టి, "గీ మాట మీ అన్న బతికున్నప్పుడు అనకపోతివి" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట ఆమె భోంచేయలేదు...

నాన్న చెప్పాడు కదా, ఇక వదిలెయ్యమంటున్నారు అందరూ. నా కోపం మాత్రం తగ్గలేదు. ఆ ఒక్క మాట అనడానికి అమ్మ నడివయసంతా గడిచిపోవాలా...

ఇప్పుడు బిట్లు తయారై డబ్బాల్లో వస్తున్నాయి. వంటింటి స్టవ్ మీద ఉక్కు రంగు మారడం నా పిల్లలకు చెప్పినా అర్థం కాదు... మీ ఇళ్ళల్లో కూడా ఎవరి మీదో ఇట్లా మోపేసిన తప్పు ఉందా? ఉంటే కింద రాయండి. కానీ ముందు ఆ మనిషి ఉండగానే, నలుగురి ముందు, నిజం చెప్పి రండి.