ఆరు బ్లేడు ముక్కల సందు

కరీంనగర్‌లో నా షెడ్డుకు టర్బో కారు వచ్చిన రోజు నా కాళ్లు నేల మీద ఆనలేదు. ఎనభైల చివరి మాట. మస్కట్‌లో పనిచేసి వచ్చిన ఒకాయన దాన్ని ఓడలో తెచ్చుకున్నాడు. అంబాసిడర్లు, జీపులు విప్పిన చేతులకు అలాంటి ఇంజన్ అదే మొదటిసారి. పొగ బయటికి పోయే జోరుకు ఒక చిన్న పంకా తిరిగి, ఇంజన్‌లోకి గాలిని కూరికూరి పంపుతుంది. బండి ఇంకా దూకాలని యజమాని కోరిక. ప్లగ్గులకు కరెంటు పంపే కాయిల్ పెద్దది వేస్తే చాలని చెప్పేశాను, ఎవరినీ అడగకుండానే.

నాకు పని నేర్పిన ఉస్తాద్ ముసలితనంలో నా షెడ్డులోనే పనిచేసేవాడు. ప్లగ్గుల పని ఆయనదే. ప్లగ్గు కొసన నిప్పు దూకే సందును గేజితో కాక, గడ్డం గీసుకునే బ్లేడు ముక్కలు పేర్చి కొలిచేవాడు. మామూలుగా ఏడు ముక్కలు పట్టేంత ఉంచేవాడు. ఈ బండికి ఆరే పెట్టాడు.

"లోపల గాలి గట్టిగుంటది బిడ్డా. నిప్పు గంత దూరం దుంకది. కాయిల్ పెద్దది ఏసుకో, గని సందు జర తక్కువుండాలె" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. పెద్ద కాయిల్ వేశాక తక్కువ సందు ఎందుకు? మర్నాడు పొద్దున్నే, ఆయన రాకముందే, ప్లగ్గులన్నీ విప్పి సందు దాదాపు రెట్టింపు చేశాను. యజమాని రాగానే ఒక ప్లగ్గును ఇంజన్‌కు ఆనించి సెల్ఫ్ కొట్టించాను. నీలంగా, లావుగా దూకింది నిప్పు. మేమంతా నిప్పును అలా బయటే చూసి మంచిచెడ్డలు తేల్చేవాళ్లం. లోపల ఉండేది వేరే గాలి అని నా బుర్రకు తట్టనేలేదు.

మూడోనాడు యజమాని మండిపడుతూ వచ్చాడు. నిర్మల్ ఘాట్ ఎక్కుతూ గట్టిగా తొక్కినప్పుడల్లా బండి దగ్గి దగ్గి ఆగబోయిందట. లోపల భార్యాపిల్లలు, వెనక లారీల హారన్లు.

"ప్లగ్గులు ఎవడు పెట్టిండు?"

షెడ్డులో అందరి చూపూ ఉస్తాద్ మీదికే పోయింది.

"కండ్లు కనవడనోనితోని గిసొంటి బండి చేపిస్తరా?" అని యజమాని నా మీద అరిచాడు. నేను తల దించుకున్నాను. అవునన్నట్టే ఉండి ఉంటుంది.

ఉస్తాద్ ఒక ప్లగ్గు విప్పి ఆరు ముక్కలూ దూర్చాడు. అవి జారి కింద పడ్డాయి. వంగి, ఒక్కొక్కటీ ఏరుకున్నాడు. అప్పుడు నా వైపు చూశాడు.

"తప్పయింది సారూ. జర ఆగుండ్రి" అన్నాడు యజమానితో.

అన్నిటినీ మళ్లీ ఆరుకు తెచ్చి బిగించాడు. కాయిల్ అదే. ఈసారి బండి ఎంత తొక్కినా దగ్గలేదు. ఆ కాయిల్ పనికొచ్చింది ఆయన సందు వల్లనే.

ఆ తర్వాత ఆయన ప్లగ్గు ముట్టలేదు. ఎవరైనా ఇవ్వబోతే "నాకు కండ్లు ఆనుతలేవు, ఆయనకియ్యుండ్రి" అని నన్ను చూపించేవాడు. ఆ మాట విన్న ప్రతిసారీ నిజం చెప్పేద్దామనుకునేవాణ్ణి. నలుగురిలో నా పరువు అడ్డం వచ్చేది. ఏళ్ల తరబడి చెప్పలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

చివరిదాకా ఆయన రోజూ షెడ్డు గుమ్మంలో, నా ఎదురుగానే కూర్చుని, అద్దాలు లేకుండా పేపరు చదివేవాడు.