ఖాళీగా ఉండవలసిన ఐదో యూనిట్

ఐదో యూనిట్‌ను ఖాళీగా వదులుతానని మా తమ్ముడు మా ఇంట్లో కూర్చుని మేడమ్‌కు మాటిచ్చాడు. ఆ మాట తప్పి పాతికేళ్లు దాటింది. మొన్న తెల్లవారుజామున కృష్ణగిరి ఆసుపత్రిలో మేడమ్ పోయారు.

హోసూరు కాలేజీలో నేను చరిత్ర చెప్పేవాణ్ణి, ఆమె వృక్షశాస్త్రం. సిలబస్ కమిటీకి మా తమ్ముడు అధ్యక్షుడు. ఏ పేపరుకైనా ఐదు యూనిట్లు. నాలుగు మనం రాద్దాం, ఐదోది పిల్లలు తెచ్చిన ప్రశ్నే కావాలి, దానికీ మార్కులుండాలి అని ఆమె పట్టు.

మా తమ్ముడి మాట మీద నమ్మకంతోనే పాఠాలు మొదలుపెట్టారు. దగ్గర్లోని తళి అనే ఊరి నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి అడిగింది: "మా క్యాప్సికం ఆకు ఎందుకు ముడుచుకుంటా ఉంది మేడమ్?"

"నాకూ తెలీదమ్మా. పోయి చూద్దాం పా."

క్లాసంతా బస్సెక్కింది. "నాకు తెలీదని చెప్పేదానికే సర్కారు జీతమిస్తా ఉంది సార్" అని మేడమ్ స్టాఫ్‌రూములో నవ్వేవారు. విద్యార్థే కేంద్రంగా సిలబస్ ఎలా రాయాలో చెప్పే లావుపాటి పుస్తకాలు తర్వాత చాలా చదివాను. 'నాకు తెలీదు' అని ఒప్పుకున్న పుస్తకం ఒక్కటీ కనబడలేదు.

ఆ అమ్మాయి ఏడాదంతా ఆకులు పోగుచేసి నోటుపుస్తకం నింపింది. పరీక్షలు దగ్గరపడ్డాక సిలబస్ అచ్చయి వచ్చింది. ఐదో యూనిట్ నిండా పాత పాఠమే.

తమ్ముణ్ణి నిలదీశాను.

"ఖాళీ పేజీకి మార్కులు యాడనుంచి తెచ్చేదన్నా? పైవాళ్లు నవ్వుతారు. నేనే నింపేసినాను."

"ఆయమ్మకు చెప్పినావా?"

"నువ్వే చెప్పేయన్నా."

మేడమ్ క్లాసులో నిలబడి పిల్లలను క్షమించమని అడిగారు. ఆ అమ్మాయి పేపరు తప్పింది, కాలేజీకి రావడం మానేసింది. ఆమె కోసం మేడమ్ మూడుసార్లు తళికి పోయారు. మూడోసారి తిరిగొచ్చి నా ఎదుట కూలబడ్డారు.

"ఫ్యాక్టరీలో చేరిపోయిందంట సార్. ఇంక ఏ మొగం పెట్టుకుని పిల్లోళ్లను ప్రశ్నలడగమనేది?"

అప్పటినుంచి రిటైరయ్యేదాకా ఆమె నోట్సు చదివి రాయించారు. పక్క గదిలో పాఠం చెబుతూ ఆ గొంతు వినేవాణ్ణి. ఎక్కడా ఆగేది కాదు.

ఆసుపత్రిలో నా చేయి పట్టుకుని, "మీ తమ్ముణ్ణి ఏమీ అనొద్దు సార్, పాపం, వయసైపోయింది" అన్నారు. సరేనన్నాను.

నిన్న సంతాప సభలో మైకు అందుకుని, విద్యార్థే కేంద్రమన్న సంగతి మేడమ్ దగ్గరే నేర్చుకున్నానని ఒక పెద్దమనిషి కళ్లు తుడుచుకున్నాడు. క్షమించండి మేడమ్, మీకిచ్చిన మాట నిలుపుకోవడం నావల్ల కాలేదు. మీ చేత నోట్సు చెప్పించినవాడు ఆయనే, మా తమ్ముడు.