ఒక్క నిమిషం ఆగే బండి

మా మిషనత్త ముప్పై ఏళ్లుగా రైలుపట్టాల పక్క గదిలో బట్టలు కుడుతోంది. బండి రోజూ ఆమె కిటికీ ముందునుంచే పోయేది. ఆగితే ఒట్టు. వాళ్లక్క, అంటే మా పెద్దత్త, నాలుగు స్టేషన్ల అవతల ఉంటుంది. మోకాళ్లు అరిగిపోయి ఆవిడ మూడు బస్సులు మారి రాలేదు. మా అత్తకేమో బస్సెక్కితే వాంతులు. అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకుని ఆరేళ్లయింది.

ఊరంతా కలిసి స్టేషను కావాలని అడగ్గా అడగ్గా, రైల్వే ఆఫీసరు చివరికి ఓ షరతు పెట్టాడు. ఒక రోజు ఒక్క నిమిషం ఆపి చూస్తారట. నిమిషం దాటిందా, ఇక స్టేషను ఊసెత్తకూడదు.

అంతే, అత్త మా ప్రాణాలు తోడేసింది. బడి మైదానంలో సుద్దతో రైలుపెట్టె గీయించి, లోపల బెంచీలు వేయించి, రోజూ సాయంత్రం ఊరందరిచేతా ఎక్కించింది. మెడలో టేపు, చేతిలో గడియారం.

"మాస్టారూ, ఆ నడకేంటండీ? బండి మీకోసం టీ తాగి బయల్దేరుతుందనుకున్నారా?"

యాభై సెకన్లలో ఎక్కడం వచ్చేసింది. ఎక్కాక మాత్రం ఎవరికీ లేవబుద్ధయ్యేది కాదు. లేని కిటికీల్లోంచి చూస్తూ కూర్చుండిపోయేవాళ్లం. మైదానం మెల్లగా వెనక్కి జరిగేది. "అదిగో, ఏరొచ్చింది" అనేది అత్త, కళ్లు మూసుకుని. మాకందరికీ చల్లగాలి తగిలేది. నవ్వకండి, నిజంగానే తగిలేది.

అసలు రోజు రానే వచ్చింది. బండి ఆగింది. అందరం ఒక్క ఉదుటున తలుపు మీద పడ్డాం. తలుపులో ఎవరో అడ్డం. దిగుతున్నారు.

ఎక్కడమే నేర్చుకున్నాం గానీ, మా ఊళ్లో దిగేవాళ్లు కూడా ఉంటారని ఒక్క బుర్రకైనా తట్టి చస్తేగా! పైగా దిగుతున్నది ఎవరో కాదు, మా పెద్దత్త. బండి ఆగుతుందని ఎవరి నోటో విని, చెప్పాపెట్టకుండా వచ్చేసింది. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో సంచి, కాలితో మెట్టు తడుముకుంటోంది. నలభై సెకన్లు. యాభై. కింద మేం గింజుకుంటున్నాం.

అత్త గడియారం చూసింది. అక్కను చూసింది. గడియారం కొంగులో ముడేసి, రెండు చేతులూ చాచి మమ్మల్నందర్నీ ఆపేసింది.

"మెల్లగా దిగక్కా. తొందరేం లేదు."

బండి వెళ్లిపోయింది. మాలో ఒక్కరూ ఎక్కలేదు. పక్కనే నిలబడి చూస్తున్న ఆఫీసరు కాగితం తీశాడు.

"ముప్పై సెకన్లు ఆలస్యం. కారణం?"

"మా అక్క వచ్చిందండీ" అంది అత్త, కళ్లు తుడుచుకుంటూ.

ఆయన కాసేపు వాళ్లిద్దరినీ చూసి, అదే రాసుకున్నాడు. ఇప్పుడు మా ఊళ్లో బండి రెండు నిమిషాలు ఆగుతుంది.