లైను కలిపి తప్పుకోవడం

మొన్న మనవరాలు తను పాటలు వినే పెద్ద హెడ్‌ఫోన్లు సరదాకి నా తలకు తగిలించింది. చెవుల మీద ఆ ఒత్తిడి తగలగానే నాకు పాటలేవీ వినపడలేదు. మదనపల్లె టెలిఫోన్ ఎక్స్ఛేంజీ గుర్తొచ్చింది, పక్క కుర్చీలో వక్క నములుతూ కూర్చునే మా సూపర్‌వైజరు సుబ్బమ్మక్క గుర్తొచ్చింది. డెబ్బైలలో ఎవరైనా ట్రంకు కాల్ బుక్ చేస్తే చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్న ఆపరేటర్లం మేమే బోర్డులో ప్లగ్గు పెట్టి, ఊరికీ ఊరికీ లైను కలిపేవాళ్ళం. కలిసిందని తెలియగానే వాళ్ళ మాటలు మాకు వినపడకుండా కీ మూసేసి తప్పుకోవాలి. ఆ తప్పుకోవడమే నాకు చేతనయ్యేది కాదు. ఎవరైనా ఏడుస్తుంటే వినేదాన్ని. డ్యూటీ దిగాక వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ ఓదార్చడానికి పోయేదాన్ని. ఒకావిడైతే నన్ను వాకిట్లోనే నిలబెట్టి, మా సంగతి నీకెవరు చెప్పారని కడిగేసింది. ఇది తెలిసి అక్క తిట్టలేదు. ఊరి బాధలన్నీ నెత్తిన వేసుకుంటే తిండెప్పుడు తింటావని, తన క్యారియర్‌లోని రాగిసంగటి నా ముందుకు జరిపింది.

బయటివాళ్ళ సంగతే అలా ఉంటే ఇక ఇంటివాళ్ళ సంగతి చెప్పాలా! పుంగనూరులో ఉండే మా తమ్ముడు రెడ్డెప్పకు నోటి దురుసు. వాడు ఏదో అనడం, మరదలు సరోజ అలిగి కుప్పంలో పుట్టింటికి పోవడం, నేను సెలవు పెట్టి బస్సులు మారి వెళ్ళి బతిమాలి తీసుకురావడం మామూలైపోయింది. అమ్మ పోతూ పోతూ వాణ్ణి నా చేతిలో పెట్టింది. వాడి కాపురం కూలితే అది నా తప్పేనని భయం. ఒకసారి సరోజ బిడ్డను కూడా తీసుకుని వెళ్ళి, ఇక రానని కబురు పెట్టింది. వాడు ఎక్స్ఛేంజీకి ఫోన్ చేసి, "అక్కా, నువ్వు పొయ్యి పిల్చకరా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా సెలవు చీటీ అందుకున్నాను.

సుబ్బమ్మక్క నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు యాల పోతావమ్మా? ఆ పిల్ల పుట్టింటి పక్కన మందుల షాపులో ఫోనుండాది కదా. లైను కలుపు. వాడే మాట్లాడుకోనీ."

మళ్ళీ ఏదైనా పిచ్చి మాట అంటే ఎలాగని అడిగాను.

"అంటే అంటాడు. సంసారం వాళ్ళది."

వాణ్ణి లైన్లోనే ఉండమని కుప్పానికి కలిపాను. షాపతను వెళ్ళి సరోజను పిలుచుకొచ్చాడు. ఆమె హలో అంది. తమ్ముడికి నోరు పెగల్లేదు. అనాల్సిన మాటలన్నీ నాకు నోటికి వచ్చు, అందించాలని ప్రాణం కొట్టుకుంది. అక్క నా వైపు చూడనైనా లేదు. నేను కీ మూసేసి ఏడ్చాను. వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాడు వాడే కుప్పం బస్సెక్కి, తల్లినీ బిడ్డనూ ఇంటికి తీసుకొచ్చాడు. కొన్నాళ్ళకు, ఆ రోజు ఎలా ఒప్పుకున్నావని సరోజను అడిగాను. బిడ్డకు జడ వేస్తూ తలెత్తకుండానే చెప్పింది. "ఇన్నాళ్ళూ నువ్వే వస్తాంటివి వదినా. ఆయనకు నేను కావల్లో వద్దో నాకెట్ల తెలుస్తుంది?"

సుబ్బమ్మక్క పోయి చాలా ఏళ్ళయింది. మా అమ్మాయి తన ఇంట్లో గొడవని ఫోన్ చేస్తే ఇప్పటికీ నా కాళ్ళు చెప్పుల కోసం వెతుకుతాయి. ముందు మీ ఆయనతో నువ్వు మాట్లాడావా అని అడుగుతాను. లేదంటే మాట్లాడమని చెప్పి ఫోన్ పెట్టేస్తాను. చెప్పులు గుమ్మం దగ్గరే కనపడుతూ ఉంటాయి. అయినా ఇంట్లోనే కూర్చుంటాను.