తాయమ్మ మీద పోసిన నీళ్లు

సత్యవేడు సంతలో తాయమ్మ ఎండుచేపల గంప పెట్టుకునే చోటు పక్కన ఒక వారం ఎవరో బట్టల వ్యాపారి వచ్చి దుకాణం పరిచాడు. కాళహస్తి మనిషి. ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని, "ఏం మే, గంప ఎత్తుకోని అవతలికి పో. నీ వాసనకి నా సీరలు ఎవురు కొంటారు" అన్నాడు.

తాయమ్మ మీదపడి అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "యాడికి పొమ్మంటావప్పా" అని అడిగింది.

"ఆ పక్కకి పో" అని తూర్పు వైపు చెయ్యి చూపించాడు.

గంప ఎత్తి అతను చూపించిన చోటే దించింది. మా వైపు గాలి పులికాట్ నుంచి, తూర్పు నుంచే వస్తుంది. కాసేపటికి జరీ చీరలకు కూడా నెత్తళ్ల వాసన పట్టింది. వ్యాపారి లేచి వచ్చి, "తల్లీ, నీ పాత సోటికే పో" అన్నాడు.

"నువ్వు సెప్పినాకే కదప్పా ఈడ కూచున్నా. మళ్లా మోసే సత్తవ నాకు లేదు" అంది తాయమ్మ.

అతనే గంప నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చి దించాడు. సంతంతా నవ్వింది. ఆమె గెలవగా నేను చూసిన తగవు అదొక్కటే.

తాయమ్మది పులికాట్ ఒడ్డు. మొగుడు పడవ తిరగబడి పోయాడు. పిల్లలు లేరు. చేపలు మోసుకుని సంతకు వచ్చిన రోజు మా పాళెంలో, మా ఇంటి పంచలో పడుకునేది. మా పాళెంలో అందరం కతోలికులం, తాయమ్మ కాదు. ఇటుకల బట్టీలో పనిచేసే రాయప్ప చర్చి గంట కొట్టేవాడు. పెళ్లాం పోయి అయిదేళ్లయింది. చేప వాసన గిట్టని మనిషి వారం వారం నెత్తళ్లు కొనేవాడు. నాకు అప్పుడే అర్థమైంది. నేను అర్థం చేసుకోలేని సంగతులు ఊళ్లో తక్కువ.

చర్చిలో తప్ప పెండ్లి వద్దన్నది తాయమ్మే. "సామియారు ముందర తాళి కట్టాలక్కా. రాయప్ప ఉంచుకున్నదాన్ని అని ఒకరు అనకూడదు" అంది. అందుకని జపాలు నేర్చుకోవడం మొదలుపెట్టింది. నేర్పింది నేను. కన్యాస్త్రీల బడిలో రెండో తరగతి దాకా చదివినదాన్ని. ఆమె పరలోక జపం పలుకుతుంటే చేపల ధర చెబుతున్నట్టే ఉండేది.

జపాలు సగంలో ఉండగా వాంతిభేది వచ్చింది, యుద్ధం రోజుల్లో. మధ్యాహ్నానికి మా పంచలో తాయమ్మ కళ్లు గుంటలు పడిపోయాయి. సామియారు, అంటే మా చర్చి గురువు, నెలకొకసారి వచ్చే మనిషి. ఆయన లేనప్పుడు జపాలు చెప్పించే ఉపదేశి ప్రేమానందం చిత్తూరులో అత్తగారింటికి పోయి ఉన్నాడు. చావు ముంచుకొస్తే ఏ విశ్వాసి అయినా జ్ఞానస్నానం ఇవ్వవచ్చని మాకు నేర్పి ఉన్నారు. నేను చెంబుతో నీళ్లు తెచ్చాను. రాయప్ప ఆమె తల మీద మూడుసార్లు పోసి, నేర్చుకున్న మాటలు తప్పు లేకుండా చెప్పాడు. సాయంత్రానికి తాయమ్మ గంజి అడిగింది.

తర్వాత సామియారు వచ్చినప్పుడు, నీళ్లు పోసింది తానేనని ప్రేమానందం పుస్తకంలో రాయించుకున్నాడు. ఊరు విడిచిపోయిన సంగతి బయటపడకూడదని. అది మాకు అప్పుడు తెలియదు.

పెండ్లి పనులు మొదలైనాయి. తాయమ్మ తన పాత తాళిని కాళహస్తి కంసాలికి ఇచ్చి కరిగించి, సిలువ ఉన్న తాళి చేయించింది. ఎర్రంచు తెల్లచీర కొన్నది. పెండ్లి విందులో తన చేపలు మాత్రం వండకూడదని పట్టుబట్టింది. "ఆ ఒక్క పొద్దన్నా నా మీద వాసన రాకూడదక్కా" అంది. సాక్షి సంతకం నేను చేయాలని అడిగింది.

పెండ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో చాటింపు చదవాలి. రాలేని వారాలకని ఆ పని సామియారు ఉపదేశికి అప్పగించారు. రెండు వారాలు అతనే చదివాడు. మూడో ఆదివారం సామియారే వచ్చి చదివి, ఊరికే ఉండక, "మన ఉపదేశి చేతి నీళ్లతో బతికిన బిడ్డ ఈమె" అన్నారు. ప్రేమానందం తల వంచుకుని నవ్వాడు. ఆ నవ్వు నేను ఓర్వలేకపోయాను. లేచి నిలబడ్డాను.

"ఆ పొద్దు ఈయన యాడుండాడు సామీ? అత్తగారింట్లో ఉండాడు. నీళ్లు పోసింది రాయప్ప. సెంబు అందించింది నేను."

చర్చిలో అందరూ నవ్వారు. రాయప్ప కూడా నవ్వాడు. తాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సామియారు నవ్వలేదు. పుస్తకం మూశారు.

పూజ అయినాక మమ్మల్ని పిలిచి చెప్పారు. జ్ఞానస్నానం ఇచ్చినవాడు పుచ్చుకున్నదానికి జ్ఞానతండ్రి అవుతాడట. తండ్రికీ కూతురికీ పెండ్లి చేయడం కుదరదట. మేత్రాణులవారు, అంటే సామియార్లందరికీ పైన ఉండే పెద్ద, అనుమతి ఇస్తే తప్ప.

"నాకన్నా మూడేండ్లు పెద్ద. ఆయప్ప నాకు నాయన యెట్లయినాడు సామీ" అని అడిగింది తాయమ్మ.

సామియారు మేత్రాణులవారికి జాబు రాశారు. నాలుగు నెలలకు తిరుగు జాబు వచ్చింది, తగిన కారణం చూపించమని. ఇష్టపడ్డారన్నది చాలదట. ఇద్దరూ ఒకే ఇంట్లో కాపురం పెట్టేసి ఊరు గోల పెడుతూ ఉంటే అదొక కారణం అవుతుందట.

"తప్పు సేసుంటే అనుమతి దొరికేదన్నమాట" అని తాయమ్మ నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మళ్లీ రాశారు. ఈసారి జాబు రాలేదు. పందిరికి వేసిన కొబ్బరాకులు ఎండి రాలిపోతే పొయ్యిలో పెట్టుకున్నాను. బట్టీ పొగకు రాయప్ప రొమ్ము చెడింది. దగ్గితే నెత్తురు. తాయమ్మ గంజి కాచి నా చేత పంపించేది. తాను ఆ గడప తొక్కలేదు.

ఆ పెండ్లి జరగలేదు. నలభై ఆరులో రాయప్ప పోయాడు. శవం వెంట తాయమ్మ ఊరి ఆడవాళ్లలో అందరికన్నా వెనక నడిచింది. తెల్లచీర సంతలో అమ్మేసింది. తాళి మాత్రం చివరిదాకా వక్కల డబ్బీలో ఉంచుకుంది.

అతను పోవడానికి నెల ముందు మాకు కొత్త సామియారు వచ్చారు. పుస్తకం తిప్పి, "ఇందులో ఉపదేశి పేరే ఉంది. ఆయనే పోసుంటే ఈ పెండ్లికి అడ్డే లేదు. రాయప్ప పోశాడని చెప్పిందెవరు" అని అడిగారు. నీళ్లు పోసింది తానేనని ప్రేమానందం ఒట్టు పెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. మంచం మీదున్న రాయప్ప కూడా సరేనన్నాడు. ఇక మిగిలింది నా మాట ఒక్కటే. నేను అన్న మాట వెనక్కి తీసుకున్నదాన్ని కాదని పాళెమంతా ఎరుగును.

ఆ మధ్యాహ్నం తాయమ్మ మా పంచలోకి వచ్చింది. గంప లేదు. స్నానం చేసి వచ్చినట్టుంది, తల తడిగా ఉంది. అంత పొద్దూ నిలబడే ఉంది, కూర్చోమన్నా కూర్చోలేదు.

"అక్కా, నిన్ను నేను ఎప్పుడూ ఏమీ అడగలేదు. కొత్త సామియారు కాడికి పోయి ఒక్క మాట సెప్పు. ఆ పొద్దు నువ్వు ఈడ లేవని సెప్పు. సెంబు నువ్వు ఇయ్యలేదని సెప్పు."