చెరుకు పిప్పి మెత్తలు, నర్సయ్య మామ వీపు

బుద్ధితక్కువ పనులు అందరూ చేస్తారు. కానీ కాబోయే మామను నడి గోదావరిలో దూకించిన ఘనుణ్ణి మా జిల్లాలో నేనొక్కణ్ణే. నవ్వుకోండి, అడ్డు చెప్పను. ఆనాటి నేను ఇప్పుడు ఎదురుపడితే నేనే రెండు తగిలిస్తాను.

నిజామాబాద్‌లో మా బాపుకు సీట్లు కుట్టే దుకాణం ఉండేది. జీపులు, రిక్షాలు, టాకీసు కుర్చీలు. నేను నిండా రెండేళ్లు సూది పట్టానో లేదో, "ఉస్తాద్" అని పిలవనివాడితో మాట్లాడడం మానేశాను. ఆ రోజుల్లోనే మెండోర పసుపు రైతు నర్సయ్య కూతురు సత్తెమ్మను నాకు అడిగారు. అంగట్లో ఒకసారి ఆ పిల్లను చూసి వారం పాటు నాకు అన్నం సయించలేదు. నర్సయ్య మామ మాత్రం తేల్చి చెప్పాడు.

"మాటలు మస్తు సెప్తుండు. పని సూసినంకనే పిల్లనిస్త."

అప్పుడే గుంటూరు వైపు నుంచి వచ్చి బోధన్ కాలువ కింద పొలం కొన్న సుబ్బయ్యగారు, వేలంలో ఒక పాత లాంచీ పాడుకుని గోదావరి ఒడ్డున కందకుర్తి రేవుకు తెచ్చారు. లోపలి చెక్క పలకలకు బిగించిన మెత్తలు చిరిగి, పీచు వేలాడుతోంది.

"కొత్త రెక్సిన్ వెయ్యాలయ్యా. వెనక్కి వాలితే పరుపులా ఉండాలి" అన్నారాయన.

"పరుపేంది పటేలా, పూలపాన్పు చేస్త!"

బాపు నా కోతలు విని, "కొబ్బరి పీచు హైదరాబాద్‌కెల్లి తెప్పిస్త, జర ఆగు" అన్నాడు.

"గంత దూరమెందుకు బాపు? రుద్రూర్ కాడ బెల్లం గానుగ దగ్గర చెరుకు పిప్పి గుట్టలుగ వడ్డది. ఎండవెట్టి నింపుత."

"పిప్పి పొయ్యిల వెట్టేటిదిరా, పిచ్చోడా!"

"నీది పాత జమాన."

పాత జమానా మనిషి తన కుట్టుపనిలో పడ్డాడు. కొత్త జమానా గాడిద పిప్పిని ఎండబెట్టినట్టు చేసి, పలకల నిండా కూరి, పైన ఎర్ర రెక్సిన్ బిగించి ఇత్తడి మేకులు కొట్టింది. చాలదన్నట్టు, అతుకు గట్టిగా పట్టాలని మైదా గంజిలో బెల్లం పాకం కలిపింది. ఈ సలహా ఎవరిచ్చారని అడుగుతారేమో, పూర్తిగా నా సొంత తెలివే. తర్వాత లాంచీని ఒడ్డున తుమ్మచెట్టుకు మోకుతో కట్టేసి, మంచిరోజు వచ్చేదాకా వదిలేశాను. ఆ చెట్టు మీది ఎర్రచీమలకు ఆ మోకే రాజబాట అయింది.

మంచిరోజు రానే వచ్చింది. సుబ్బయ్యగారు లాంచీ నడుపుతున్నారు. మామ తెల్ల ధోతి కట్టి, తలకు కొత్త రుమాలు చుట్టి నా పని చూడడానికి వచ్చాడు. మెత్తను చేత్తో నొక్కి చూసి, "మంచిగనే ఉన్నదిరా" అన్నాడు. సత్తెమ్మ సగం మా ఇంటికి వచ్చేసినట్టే అనిపించింది.

"సిగ్గెందుకు మామా, గట్టిగ ఆనుకో!"

ఆనుకున్నాడు. లాంచీ నది నడుమకు చేరింది.

"ఏందో సురుక్కుమన్నదిరా."

"కొత్త మేకు మామా, గుచ్చుకుంటది."

"మేకు నడుస్తదారా?"

"నడుస్తున్నదా?"

"మెడ మీదికి ఎక్కుతున్నది!"

నా పుట్టలో వేలు పెడితే కుట్టనా అన్నదట చీమ. నేను ఏకంగా పుట్టనే తెచ్చి మామ వీపు వెనక పెట్టాను. మేకుల సందుల్లోంచి ఎర్రటి దండు బయలుదేరింది. మామ రుమాలు విసిరేశాడు, అంగీ చించుకున్నాడు. ఇక ధోతి ఉంచుకోలేడు, నలుగురిలో విప్పలేడు. "వారీ!" అని ఒక్క కేక పెట్టి నీళ్లలోకి దూకాడు.

"లాంచీ అప్పగిస్తే చీమల పుట్ట చేశావేంటయ్యా!" అంటూ సుబ్బయ్యగారు ఒక చేత్తో చుక్కాని తిప్పుతూ, రెండో చేత్తో తొడలు గోక్కుంటూ లాంచీని ఇసుక మేట ఎక్కించారు.

నేనూ దూకాను. అదృష్టం కొద్దీ అక్కడ నీళ్లు ఛాతీ లోతే. మామ ఎదుట చేతులు జోడించాను.

"మామా, కొబ్బరి పీచు వెట్టి మల్ల చేస్త. సత్తెమ్మను మాత్రం..."

మామ మునిగాడు, లేచాడు, మళ్లీ మునిగాడు. చివరికి మీసాల మీది చీమను దులుపుకుని, గోదావరిలో మంజీర కలిసే దిక్కుకు దండం పెట్టాడు.

"సంగమంల మునుగుతే పాపాలు పోతయంటరు. నిజమేరా. నాకు అల్లుడు పోయిండు."

సత్తెమ్మను ఆ ఎండాకాలమే ఆర్మూరు వైపు ఇచ్చేశారు. ఏడ్చాను, దాచుకోవడం దేనికి?

కనుక గోదావరి, మంజీరల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నోటికి తీపి తగిలే వస్తువేదీ ఇకమీదట మనిషి వీపు వెనక కూరను. ఖర్మ కాలి కూరినా, ఆ మనిషికి పెళ్లీడు కూతురు లేదని ముందే కనుక్కుంటాను.